ఫకారం

కాస్ట్రోలో, నీళ్ళ మీద గుంజలు దింపి కట్టిన ఇళ్ళ వరుసలో
నా గది చివరిది.
పోటు వస్తే నేల కింద సముద్రం.
ఆటు వస్తే బురద, కుక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడ కూర్చుని పళ్ళు చేస్తున్నాను.
ముసలివాళ్ళవి. తాగి కొట్టుకున్న పడవవాళ్ళవి.
మనుషులు రారు. వాళ్ళ నోళ్ళు వస్తాయి,
ప్లాస్టర్ అచ్చులై, పాత పేపర్లో చుట్టుకుని,
అడుగున పెన్సిలుతో ఒక పేరు.

ఆ మార్చిలో వచ్చిన నోరు
నా అరచేతిలో సగం కూడా లేదు.
పైన, ముందు, నాలుగు పళ్ళ మేర నున్నగా ఉంది.
పళ్ళూడిన చోటైతే గుంట ఉంటుంది.
ఇది విత్తనమే పడని మడి.
ఫ్రెసియా. ఆరేళ్ళు.

నా సొరుగులో అంత చిన్న పళ్ళు లేవు.
ఉన్నవాటిలో సన్నవి ఏరి ఆకురాయికి పెట్టాను.
పాలపళ్ళ తెలుపు వేరు.
వెన్న తీసిన పాలలా, లోపల కాస్త నీలం.
మధ్యలో సందు వదిలాను.
ఆ వయసులో పళ్ళు
భుజాలు రాసుకుంటూ నిలబడవు.

ఈసారి నువ్వే తీసుకురా, ఎర్మెలిండా, అన్నాడు డాక్టర్ ఒయార్సో.
వెళ్ళాను.
కుర్చీలో కాళ్ళు ఊపుతోంది.
పక్కన తల్లి. సాల్మన్ ఫ్యాక్టరీలో ముళ్ళు తీసే చేతులు,
ఎంత కడిగినా ఆ వాసన.
నీ పేరేంటి, అన్నాను, తెలిసీ.
ప్రెసియా, అంది.
కింది పెదవి పైకి లేచింది.
ఆనడానికి అక్కడేమీ లేదు.
పై పెదవికే తగిలి తిరిగొచ్చింది.
పంటికి పెదవి ఆనితేనే కదా ఆ అక్షరం!
నేనే పెట్టాను ఆ పేరు, అంది తల్లి, నేలకేసి చూస్తూ.
పుట్టిన రోజున ఎవరికి తెలుసు.

గులాబీ రంగు ప్లేటు, రెండు తీగ కొక్కేలు.
పెట్టగానే డోకొచ్చింది. చొంగ గడ్డం దాటింది.
తీసి నా చేతిలో పెట్టింది.
ఇవి నావి కాదు.
మరెవరివి?
నీవి.

వారం పాటు గ్లాసు నీళ్ళలోనే ఉన్నాయట.
తర్వాత బడిలో, మనిషికి వంద పెసోలు తీసుకుని,
ఊడదీసి చూపించిందట.
ఆ తర్వాత ఫెర్రీ అంచున నిలబడి తుమ్మింది.
నాలుగు పళ్ళూ గల్లంతు.
ఈ ఏడు ఏ చేప నవ్వుతుందో చూడాలి, అన్నాడు ఒయార్సో.
రెండోది చేశాను. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు.

మూడోది ఎందుకంటే, రెండోది పట్టడం మానేసింది.
ముసలివాళ్ళకు దవడ అరిగి ప్లేటు వదులవుతుంది.
నన్ను తిట్టుకుంటూ మెట్లెక్కుతారు.
దీనికేమో దవడ పెరిగి ప్లేటు ఇరుకైంది.
నా చేతిపని చాలకపోతే
నాకు సంతోషం వేయడం అదే మొదలు.

నిన్న వచ్చింది, ఒక్కతే, వానలో. తొమ్మిదేళ్ళిప్పుడు.
ఒక చేతిలో ప్లేటు.
అగ్గిపెట్టెలో విరిగిన పన్ను, దూది మీద.
ముందు పళ్ళతో కొరకొద్దన్నానా లేదా?
జేబులోంచి ఆపిల్ తీసి బల్ల మీద పెట్టింది.
గోధుమరంగుకు తిరిగిన గాటు.
నాలుగు చాళ్ళు.
మధ్యలో నేను వదిలిన సందు,
తొక్క అంచున చిన్న గట్టులా మిగిలి ఉంది.
ఎంతసేపు చూశానో.
పళ్ళు చేశానే గాని, వాటి కాటు
ఎప్పుడూ చూడలేదు.

సరే, రసీదు రాయాలి, పేరు చెప్పు, అన్నాను,
గొంతు సరిచేసుకుని.
నోరు తెరిచింది. పెదవి లేచింది.
ఆగింది.
నా చేతిలోని ప్లేటు వైపు చూసింది.
అదయ్యాక చెప్తా, అంది.

జిగురు గట్టిపడడానికి అరగంట పడుతుంది.
స్టూలు మీద కూర్చుంది, పెదాలు బిగించి,
మాట పడిపోతుందేమో అన్నట్టు.
నేల కింద
పోటు మొదలైంది.